రోహిణి కార్తెలో వదిలిన చేప బతుకుతదా?

స్రవంతి: అందరికీ నమస్కారం. ఇవాళ మా మామయ్యను పట్టుకొచ్చి కూర్చోబెట్టాను. 30 ఏళ్లుగా గాలం వేస్తున్నాడు. పట్టిన చేపను మళ్లీ నీళ్లలోకే వదిలేస్తాడు. మామా, పోయిన ఆదివారం నీ దోస్తులు చెరువుకు రమ్మంటే రానన్నావట?

మామ: రానని చెప్పిన బిడ్డా. రోళ్లు పగిలే ఎండలు ఇవి. వాళ్లేమో "తింటమా ఏంది, వదిలేస్తం గదా" అంటరు. నేను కూడా చానా ఏండ్లు అదే మాట అన్న.

స్రవంతి: మరి ఏం జరిగింది?

మామ: మూడేండ్ల కింద, మే నెల. సిటీ అవతల ఒక చెరువు. పన్నెండు దాటింది. పెద్ద రవ్వ చేప పడ్డది. దారం సన్నది, తెగుతదేమోనని పావుగంట ఆడించిన. ఒడ్డుకు తెచ్చినంక ఒకరు ఫోటో అన్నరు, ఇంకొకరు వీడియో అన్నరు. బండ మీద పెట్టినం. ఆ బండ నా అరికాలుకే చుర్రుమంటున్నది. వదిలితే తోక ఆడించుకుంట లోపలికి పోయింది. చప్పట్లు గొట్టినం.

స్రవంతి: బతికిందనే అనుకున్నారు.

మామ: అనుకున్నం. తెల్లారి పోయి చూస్తే తుంగలో తేలి ఉన్నది. పైపెదవికి ఎడమ దిక్కున నా గాలం గాటు. దాన్ని చేతిలోకి తీసుకుంటే ఒకవైపు జిగురంతా పోయి పొలుసులు గరుకుగా తగిలినయి. బండకు ఆనిన వైపు అది.

స్రవంతి: ఈదుకుంటూ వెళ్లింది కదా, ఎందుకు చనిపోయింది?

మామ: నీళ్లు వేడెక్కితే వాటిలో గాలి తగ్గుతది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటయి, 30 డిగ్రీలైతే ఏడున్నరే. అదే వేడికి చేప ఒంట్లో పని పెరిగి, దానికి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలె. ఆ మీద మనం పావుగంట ఉరికిస్తిమి. కండల్లో ల్యాక్టిక్ ఆసిడ్ చేరుతది. చేప తేరుకోవడానికి గంటలు పడతది. ఆ గంటలు దానికి ఊపిరి ఏది?

స్రవంతి: పైకి తీసి ఫోటో దిగడం వల్ల?

మామ: అసలు దెబ్బ అదే. మొప్పల్లో సన్న సన్న రేకులుంటయి, నీళ్లల్ల విచ్చుకుని ఉంటయి. బయటికి తీస్తే ఒకదానికొకటి అంటుకపోతయి. 1992లో కెనడాలో రెయిన్‌బో ట్రౌట్ చేపల మీద ప్రయోగం చేసిన్రు. బాగా అలిసేదాకా ఉరికించి, నీళ్లల్లనే వదిలితే 12 గంటల్లో నూటికి 12 చచ్చినయి. అదే అలసట మీద అర నిమిషం బయట పెడితే 38. ఒక నిమిషం పెడితే 72.

స్రవంతి: ఒక్క నిమిషానికా!

మామ: మనం ఫోన్ లాక్ తీసేసరికే అర నిమిషమైతది. ట్రౌట్ చల్లనీళ్ల చేప, మన రవ్వ, బొచ్చె అంత నాజూకు కాదు. ఆ లెక్క ఉన్నదున్నట్టు మనకు పెట్టుకోవద్దు. జరిగే తీరు మాత్రం అదే.

స్రవంతి: బయటి దేశాల్లో దీనికి నియమాలు ఉన్నాయా?

మామ: అమెరికాల మోంటానా రాష్ట్రంల ఉన్నది. నది నీళ్లు వరుసగా మూడు రోజులు 73 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కల 23 డిగ్రీల దాకా పోతే, మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయనియ్యరు. మన చెరువుల్ల ఎండాకాలం పైనీళ్లు 30 దాటుతయి. మనకు వాళ్ల అంకె కాదు, వాళ్ల బుద్ధి కావాలె.

స్రవంతి: అంటే మనం కూడా తెల్లవారుజామున వెళ్తే సరిపోతుందా?

మామ: అందరూ ఇక్కడనే తప్పు చేస్తరు. పారే నదిల తెల్లారగట్ల మంచిదే. మన చెరువుల నీళ్లు పచ్చగా పాచి పట్టి ఉంటయి. ఆ పాచి పగలు ఎండల ఆక్సిజన్ ఇస్తది, రాత్రంతా తనే తాగేస్తది. తెల్లారే ముందరనే నీళ్లల్ల ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుంట తిరుగుతుంటయి. చేపల రైతును అడుగు, ఆ టైముకే నీళ్లల్ల గాలి కలిపే ఏరేటర్లు ఎందుకు నడుపుతరో చెప్తడు. చల్లగుందని మనం గాలం ఏస్తే, ఊపిరి ఆడనోన్ని ఉరికించినట్టే.

స్రవంతి: మరి ఏ టైముకు వెళ్లాలి?

మామ: ఇలాంటి చెరువుల ఈ నెలల పోవద్దనే నేను చెప్త. తప్పదంటే, పొద్దెక్కినంక, ఎండ ముదరక ముందర ఒక గంట, రెండు గంటలు. ముందు అక్వేరియం థర్మామీటర్‌ను దారానికి కట్టి మోకాలి లోతుల వేసి చూడు. 30 చూపిస్తే నేనైతే బ్యాగు విప్పను. ఒక్క చేపైనా పైకి తేలి నోరు తెరిస్తే అంకె చూసేదే లేదు.

స్రవంతి: చేప పడితే?

మామ: దారం గట్టిది పెట్టి తొందరగా తేవాలె. ఎదురుముల్లు, అంటే గాలం కొనకు వెనక్కి తిరిగిన సన్న ముల్లు, అది లేని గాలం వాడాలె, లేకుంటే పట్టకారుతో ముల్లును నొక్కేయాలె. చెయ్యి తడుపుకొని, నీళ్లల్లనే ఊడదీయాలె. గాలం మింగితే కెలకకు, దారం దగ్గరికి కత్తిరించు. చేపను ముందుకూ వెనకకూ ఊపుతరు, అది వద్దు, నీళ్లు మొప్పల్ల వెనక నుంచి పోతే లాభం లేదు. నిటారుగా పట్టుకొని నీడల, లోతుల నిలబెట్టు. దాని బలంతో అదే చెయ్యి విడిపించుకొని పోవాలె.

స్రవంతి: కొర్రమీనుకు ఇంత బాధ లేదంటారు?

మామ: అది మన రాష్ట్ర చేప, పైకొచ్చి గాలి పీలుస్తది కాబట్టి గట్టిదే. కానీ వేడి బండ దానికీ కాలుతది. ఇంకోటి, వానలు పడ్డంక చూడు, ఎర్రటి పిల్లల గుంపు ఒకటి నీళ్ల మీద తిరుగుతుంటది, కింద తల్లిదండ్రులు కాపలా ఉంటయి. గాలం వేస్తే కోపంతో కొడ్తయి. ఆ పెద్ద చేపను పది నిమిషాలు ఆపినా, ఆలోపల మిగతా చేపలు పిల్లల్ని మింగేస్తయి. గుంపు కనిపిస్తే గాలం చుట్టేస్త.

స్రవంతి: తొలకరి పడితే నీళ్లు చల్లబడతాయి కదా, అప్పుడు వెళ్లొచ్చా?

మామ: వెంటనే కాదు. చల్లటి వాననీళ్లు పైనుంచి కిందికి దిగితే, అడుగున ఊపిరి లేని నీళ్లు మీదికొస్తయి. మొదటి వాన తెల్లారే కొన్ని చెరువుల్ల చేపలు తేలుతయి. రెండు మూడు వానలు పడి నీళ్లు కుదుటపడనీ.

స్రవంతి: అంటే ఈ ఆదివారం కూడా లేదు!

మామ: వస్త బిడ్డా. రాడ్ లేకుండ వస్త. నువ్వు థర్మామీటర్ పట్టుకో, మీ నోట్‌బుక్‌ల రాసుకో. ఆరింటికి ఒకసారి, పదింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి చూద్దాం.