పదిహేనేళ్ళవాళ్ళు కూడా జనమే

సభలో ఉన్న అందరికీ నమస్కారం.

కొన్ని చోట్ల షాపు తలుపు మీద ఒక నోటీసు అంటించి ఉంటుంది. స్కూలు పిల్లలు ఒకసారికి ఇద్దరు మాత్రమే లోపలికి రావాలి, బ్యాగులు బయటే పెట్టాలి అని. ఆ కాగితంలో 'స్కూలు పిల్లలు' అన్న చోట ఇంకెవరినైనా పెట్టి చదవండి. ఏదో ఒక మతం వాళ్ళని పెట్టండి, పరాయి ఊరి నుంచి వచ్చినవాళ్ళని పెట్టండి, అరవై దాటినవాళ్ళని పెట్టండి. సాయంత్రానికల్లా ఆ షాపు ముందు గొడవ అవుతుంది. పిల్లల మాట ఉంటే మాత్రం మనం మామూలుగా తలుపు తోసుకుని వెళ్ళి, కావాల్సింది కొనుక్కుని వచ్చేస్తాం. ఎవరో ఏదో ఎత్తుకుపోయి ఉంటారులే, షాపాయన బాధ ఆయనది అనుకుంటాం. దొంగతనాలు పెద్దవాళ్ళూ చేస్తారు. కానీ నలభై ఏళ్ళ మనిషి దొరికితే ఆ ఒక్కడే దొంగ అవుతాడు. పదిహేనేళ్ళ కుర్రాడు దొరికితే ఆ వయసువాళ్ళంతా దొంగలవుతారు.

వయసును బట్టి మనిషిని తక్కువ చేసి చూడడానికి 1969లో అమెరికన్ వైద్యుడు రాబర్ట్ బట్లర్ 'ఏజిజమ్' అని పేరు పెట్టాడు. ఆయన అప్పుడు మాట్లాడింది ముసలివాళ్ళ గురించి. వాళ్ళ విషయంలో మనకు కొంచెమైనా సిగ్గు పుట్టడానికి ఆ మాట చాలా పనికొచ్చింది. పదమూడు నుంచి పంతొమ్మిది మధ్య ఉన్నవాళ్ళ విషయంలో ఆ సిగ్గు ఇంకా పుట్టలేదు. ఈ పూట నేను మాట్లాడాలనుకుంటున్నది దాని గురించే.

ఒక మందుల షాపు ఊహించుకోండి. ఒక పదహారేళ్ళ అమ్మాయి, చేతిలో వాళ్ళ నానమ్మ ప్రిస్క్రిప్షన్. క్యూలో తన వంతు వచ్చింది. కౌంటర్ వెనక ఉన్నాయన ఆ అమ్మాయి తల మీదుగా వెనకున్న పెద్దమనిషిని చూసి "మీకేం కావాలండీ?" అంటాడు. ఆ పెద్దమనిషి కూడా "ముందు ఈ అమ్మాయికివ్వండి" అనడు, తన చీటీ ముందుకు చాపుతాడు. అమ్మాయి ఒక అడుగు పక్కకు జరుగుతుంది. తరవాత తన వంతు వచ్చాక, ఆ మాత్ర పొద్దున వేసుకోవాలా రాత్రా అని అడిగితే "పెద్దవాళ్ళని పంపించమ్మా, చెబుతాను" అంటాడు. ఇంట్లో నానమ్మకి మూడు పూటలా మందులు ఇచ్చేది ఆ అమ్మాయే. ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో ఆ ఇంట్లో తనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందులో ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇలాంటి రెండు నిమిషాలు బస్సులో, బ్యాంకులో, డాక్టరు గదిలో, ఆఫీసు గుమ్మం దగ్గర రోజూ జరుగుతూనే ఉంటాయి. ఆ అమ్మాయి పక్కకు జరిగిన తీరు గమనించారా? అడక్కుండానే జరిగింది. అప్పటికే అలవాటైపోయింది.

ఇక్కడ ఒక మాట. వయసుకి సంబంధించిన ప్రతి నియమమూ వివక్ష అని నేను అనడం లేదు. మద్యం, పొగాకు, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్ళి, వీటికి వయోపరిమితి ఉండాల్సిందే. అవి పిల్లల్ని కాపాడడానికి పెట్టినవి. నేను చెబుతున్నది పిల్లల నుంచి మిగతావాళ్ళని కాపాడుతున్నామంటూ చేసే పనుల గురించి.

వాటిలో నన్ను అన్నింటికంటే బాధపెట్టే ఉదాహరణ ఒకటుంది. 2005లో వేల్స్‌లో హోవర్డ్ స్టేపుల్టన్ అనే ఆయన మస్కిటో అని ఒక పరికరం తయారుచేశాడు. మనిషి చెవికి వయసు పెరిగేకొద్దీ బాగా సన్నటి కీచు శబ్దాలు వినిపించడం తగ్గిపోతుంది. లోపలి చెవిలో ఆ శబ్దాలను పట్టుకునే సన్నటి కణాలు ముందుగా దెబ్బతింటాయి. ఈ పరికరం సుమారు 17 కిలోహెర్ట్జ్‌ల దగ్గర, అంటే సెకనుకి పదిహేడు వేల కంపనాలతో, ఒక గీరుడు శబ్దం చేస్తుంది. పాతికేళ్ళు దాటినవాళ్ళలో చాలామందికి అది వినిపించదు. చిన్నవాళ్ళకి మాత్రం అక్కడ నిలబడలేనంత చిరాకు పుడుతుంది. షాపుల ముందు, స్టేషన్ల దగ్గర గోడకి బిగించారు, కుర్రాళ్ళు గుంపుగా చేరకుండా.

కాసేపు దీని గురించి ఆలోచించండి. అక్కడ అల్లరి చేసినవాడెవడు, బస్సు కోసం నిలబడ్డవాడెవడు, అమ్మ వస్తుందని ఎదురుచూస్తున్నవాడెవడు, ఆ యంత్రానికి తెలియదు. దానికి తెలిసింది వయసొక్కటే. తల్లి ఒళ్ళో ఉన్న పసిబిడ్డకి కూడా ఆ శబ్దం వినబడుతుంది, నోరు విప్పి చెప్పలేడంతే. తల్లికేమో వినబడదు, బిడ్డ ఎందుకు ఏడుస్తున్నాడో అర్థం కాదు. పక్కనే నడిచిపోతున్న పెద్దవాళ్ళకి అక్కడ ఏమీ జరుగుతున్నట్టే ఉండదు. 2010లో, యూరప్ దేశాల మానవ హక్కుల సంస్థ అయిన యూరప్ కౌన్సిల్ పార్లమెంటరీ అసెంబ్లీ ఈ పరికరాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించాలని సిఫారసు చేసింది. ఒక జాతి వాళ్ళకి మాత్రమే వినబడే శబ్దం అంటూ ఉండి, దాన్ని గోడకి బిగించి ఉంటే, సిఫారసు దాకా ఆగేవాళ్ళమా?

చట్టాలు ఏం చేస్తున్నాయని మీరు అడగొచ్చు. అమెరికాలో ఉద్యోగాల్లో వయసు వివక్షను నిషేధించే చట్టం 1967లో వచ్చింది. అది కాపాడేది నలభై ఏళ్ళు, ఆపై వయసువాళ్ళని. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం సేవల విషయంలో కూడా వయసు వివక్ష చూపకూడదంటుంది, కానీ పద్దెనిమిది నిండనివాళ్ళకి ఆ భాగం వర్తించదు. నేను మొదట చెప్పిన షాపు నోటీసు అక్కడ ఆ చట్టానికి అందదన్నమాట. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో పన్నెండో అధికరణం పిల్లలకి తమ సంగతి తాము చెప్పుకునే హక్కు ఇచ్చింది. పదిహేనో అధికరణం నలుగురూ శాంతిగా ఒకచోట చేరే హక్కు ఇచ్చింది. దాదాపు ప్రపంచమంతా సంతకం పెట్టిన కాగితం అది. నలుగురు పిల్లలు మెట్ల మీద కూర్చుంటే "ఇక్కడేం పని, లేవండి" అనేటప్పుడు అది ఎవరికి గుర్తొస్తుంది?

అసలు ఇంత అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది? "మా కాలంలో ఇలా ఉండేవాళ్ళం కాదు" అనే మాట మనందరి నోటా వస్తుంది. జాన్ ప్రోట్జ్కో, జోనథన్ స్కూలర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దీని మీద అమెరికాలో పరిశోధనలు చేసి 2019లో ప్రచురించారు. వాళ్ళకి కనిపించింది ఇది: బాగా పుస్తకాలు చదివేవాళ్ళకి ఈ కాలం పిల్లలు చదవడం మానేశారనిపిస్తుంది. పెద్దల మాట దాటకూడదని గట్టిగా నమ్మేవాళ్ళకి ఈ కాలం పిల్లలకి మర్యాద లేదనిపిస్తుంది. తెలివిపరీక్షల్లో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళకి పిల్లల తెలివి తగ్గిందనిపిస్తుంది. ఇవాళ తాము ఎలా ఉన్నారో చిన్నప్పుడూ అలాగే ఉండేవాళ్ళమనీ, తమ తోటివాళ్ళంతా అలాగే ఉండేవాళ్ళనీ మనుషులు అనుకుంటారు. ఆ తరవాత నిజంగా ఎదురుగా ఉన్న పిల్లల్ని ఆ ఊహతో పోల్చి చూస్తారు. ఆ పోలికలో ఏ తరం పిల్లలైనా ఓడిపోవాల్సిందే.

ఈ భ్రమ ఇంట్లో సణుగుడుగా ఉన్నంతవరకు ఫరవాలేదు. అది ప్రభుత్వం నోట్లోకి వెళితే ఏమవుతుందో అమెరికా చూసింది. 1995లో జాన్ డియూలియో అనే రాజనీతి శాస్త్రవేత్త, జాలీ దయా లేని కుర్ర నేరగాళ్ళ తరం ఒకటి వచ్చిపడుతోందని రాశాడు. 'సూపర్ ప్రెడేటర్లు' అన్నాడు. పత్రికలు, టీవీలు, నాయకులు ఆ మాటనే పట్టుకున్నారు. పిల్లల్ని పెద్దవాళ్ళ కోర్టుల్లో విచారించేలా రాష్ట్రం తరవాత రాష్ట్రం చట్టాలు మార్చుకుంది. చిత్రమేమిటంటే, ఆయన రాసేటప్పటికే పిల్లల హింసాత్మక నేరాలు తగ్గుముఖం పట్టాయి. 1994 నుంచి ఏళ్ళ తరబడి తగ్గుతూనే వచ్చాయి. 2012లో, విడుదలకి అవకాశమే లేని యావజ్జీవం పిల్లలకి తప్పనిసరిగా వెయ్యడం మీద అమెరికా సుప్రీంకోర్టులో కేసు నడిచినప్పుడు, ఆ జోస్యం నిజం కాలేదని కోర్టుకి చెప్పిన పండితుల్లో డియూలియో కూడా సంతకం పెట్టాడు. ఆయన ఒప్పుకున్నందుకు గౌరవించాలి. కానీ ఆ మధ్యకాలంలో జైలుకి వెళ్ళిన పిల్లల యవ్వనం ఎవరూ తిరిగివ్వలేరు.

ఈ మధ్య సైన్సు పేరుతో ఇంకొక వాదన వినిపిస్తోంది. టీనేజర్ల మెదడు ఇంకా ఎదగలేదు, పాతికేళ్ళ దాకా ఎదగదు, కాబట్టి వాళ్ళ మాట లెక్కలోకి తీసుకోనక్కరలేదు అని. మొదటి సగం చాలావరకు నిజమే, ముగింపు మాత్రం దాని నుంచి రాదు. పదకొండు దేశాల్లో, పది నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్య ఉన్న అయిదు వేల మందికి పైగా పరీక్షించిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. తీరిగ్గా కూర్చుని ఆలోచించే పరిస్థితి ఉంటే పదహారేళ్ళవాళ్ళు పెద్దవాళ్ళకి తీసిపోరని అందులో తేలింది. ఆవేశాన్ని అదుపులో పెట్టుకోవడం, తొందరపడకుండా ఉండడం మాత్రం ఇంకా కొన్నేళ్ళకి గానీ పూర్తిగా రాదు. అంటే మోటారు సైకిలు మీద ఫ్రెండ్స్ రెచ్చగొడుతుంటే పదహారేళ్ళవాణ్ణి నమ్మకపోవడంలో అర్థముంది. ఒక ఫిర్యాదు రాసుకొచ్చి ముందు పెట్టినప్పుడు, తన ఒంట్లో నొప్పి ఎక్కడుందో డాక్టరుకి చెబుతున్నప్పుడు నమ్మకపోవడంలో ఏ అర్థమూ లేదు.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడేనని నా నమ్మకం. మాట నమ్మరని తెలిసిన పిల్లలు చెప్పడం మానేస్తారు. బస్సులో ఎవడో చెయ్యి వేస్తే, "నువ్వే పొరబడి ఉంటావులే" అంటారని తెలిసిన అమ్మాయి ఇంకెవరికీ చెప్పదు. పనిలో పెట్టుకున్నవాడు జీతం ఎగ్గొడితే, పదిహేడేళ్ళవాడు ఏ ఆఫీసుకి వెళ్ళినా "మీ నాన్నని తీసుకురా" అనే అంటారు కాబట్టి వెళ్ళడు. ఆ మౌనం చూసి మనం ఈ వయసు పిల్లలు మనసులో మాట చెప్పరని వాపోతాం.

ఎవరిమీద చూపే వివక్షకైనా కాలక్రమంలో ఎదురు తిరిగేవాళ్ళు పుట్టుకొస్తారు. దీనికి ఎందుకు రారు? ఆడవాళ్ళు జీవితాంతం ఆడవాళ్ళే, నల్లవాళ్ళు జీవితాంతం నల్లవాళ్ళే, కాబట్టి పోరాటం ఒక తరం నుంచి ఇంకో తరానికి అందుతుంది. టీనేజర్ మాత్రం ఆరేడేళ్ళలో అవతలి ఒడ్డుకి చేరిపోతాడు. నోరు విప్పి, నలుగురిని కూడగట్టి, నిలబడే శక్తి వచ్చేసరికి తను బాధితుడు కాడు. తను పడింది మరిచిపోతాడు, లేదా "మేమూ పడ్డాం, మాకేమైంది" అంటాడు. వోటు లేని జనం, పోగేసుకున్న డబ్బు లేని జనం, సంఘం పెట్టుకునేలోపే ఆ వయసు దాటిపోయే జనం. వాళ్ళ తరఫున వేరేవాళ్ళు మాట్లాడకపోతే ఈ పని జరగదు.

పెద్దవాళ్ళ పోరాటాల్లోనే వాళ్ళకి ఎలాంటి చోటు దొరికిందో ఒక కథ చెబుతాను. 1955 మార్చి 2న అమెరికాలోని మాంట్‌గోమరీలో, బస్సులో తెల్లవాళ్ళకి సీటు ఖాళీ చెయ్యనని ఒక నల్లజాతి అమ్మాయి మొండికేసింది. పోలీసులు లాక్కెళ్ళి జైల్లో పెట్టారు. పేరు క్లాడెట్ కోల్విన్, వయసు పదిహేను. రోజా పార్క్స్ అదే పని చేసింది డిసెంబరులో, తొమ్మిది నెలల తరవాత. ప్రపంచానికి తెలిసిన పేరు పార్క్స్‌ది. కోల్విన్‌ని ఉద్యమానికి ముఖంగా నిలబెట్టడానికి స్థానిక నాయకులు వెనకాడారు. పేదరికం, ఆ తరవాత ఆమె గర్భవతి కావడం లాంటి కారణాలు కూడా ఉన్నాయి, కానీ వయసు కూడా ఒక ముఖ్య కారణం. టీనేజ్ పిల్లని నమ్ముకుంటే ఎలా అన్నారు. పార్క్స్ గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ బస్సుల్లో వేరు సీట్ల పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు తెచ్చిన 1956 నాటి కేసులో కక్షిదారులుగా నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళలో కోల్విన్ ఒకరు. కోర్టు బోనెక్కి సాక్ష్యం చెప్పేటప్పటికి ఆమెకి ఇంకా పదహారేళ్ళే. ముఖంగా పనికిరాదన్న పిల్ల సాక్షిగా పనికొచ్చింది.

ఇప్పుడు మీలో కౌంటర్ దగ్గర, రిసెప్షన్‌లో, గేటు దగ్గర, క్లినిక్‌లో పనిచేసేవాళ్ళకి నా విన్నపం. వంతు వచ్చినవాళ్ళు ఎంత చిన్నవాళ్ళయినా వాళ్ళతోనే మాట్లాడండి, వెనకున్నవాళ్ళతో కాదు. 'పిల్లలు' అని రాసిన నియమం ఏదైనా మీ దగ్గర ఉంటే, అక్కడ ఏ పని వద్దనుకుంటున్నారో అది రాయండి. అరవకూడదు అనండి, దారికి అడ్డంగా నిలబడకూడదు అనండి, అది అందరికీ వర్తించనివ్వండి. డాక్టర్లు కాసేపైనా తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టి ఆ పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడండి. ఇక మామూలు మనుషులం, క్యూలో నిలబడేవాళ్ళం, "ఆ అమ్మాయి ముందు వచ్చిందండీ" అని ఒక్క మాట అంటే చాలు. ఆ మందుల షాపులో పెద్దమనిషి అనకుండా వదిలేసిన మాట అదే.

నిర్వాహకులు ప్రశ్నలకి ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఈ హాల్లో ఇరవై దాటనివాళ్ళు కొంతమంది ఉన్నారు, నాకు కనిపిస్తున్నారు. మైకు ముందు వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళమని కోరుతున్నాను. వాళ్ళలో నాతో ఏకీభవించనివాళ్ళు ఉంటే వాళ్ళు ముందు మాట్లాడాలి. పెద్దవాళ్ళ ప్రశ్నలకి మిగిలిన సమయంలో జవాబిస్తాను.