మారిషస్‌లో ఒక డిగ్రీ అంటే ఎంత? (ఆదివారం ఎపిసోడ్)

మాధవి: అందరికీ నమస్కారం. గొంతు తేడాగా ఉంటే ఏమనుకోకండి, జలుబు. ఎదురుగా శ్రీధరన్న, మిక్సర్ దగ్గర కిట్టు. ఈ వారం ప్రశ్న అనకాపల్లి మేస్టారిది. చిన్న దీవి దేశం ఒకటి తీసుకుని, అక్కడ ఏడాది సగటు ఉష్ణోగ్రత ఇన్నేళ్ళలో ఎంత మారిందో చెప్పమన్నారు. మారిషస్ తీసుకున్నాం.

శ్రీధర్: తీసుకున్నది నేను. ఎందుకంటే...

మాధవి: ఎందుకో వినేవాళ్ళందరికీ తెలుసు. కిట్టూ, గంట దగ్గర పెట్టుకో, అన్న కోరంగి రేవు పేరెత్తగానే కొట్టు.

శ్రీధర్: నేనింకా పేరే ఎత్తలేదు! సరే, లెక్కలు ముందు చెప్పేస్తా. అక్కడి వాతావరణ శాఖ 1961–90 సగటుతో పోల్చి చూసింది. స్టేషన్‌ను బట్టి 0.74 నుంచి 1.2 డిగ్రీల దాకా పెరిగింది. పదేళ్ళకు 0.15 చొప్పున ఎక్కుతోంది. అయిపోయింది.

మాధవి: అంతేనా? మేస్టారు ఊరుకుంటారా?

శ్రీధర్: నిజం చెప్పు, ఒక డిగ్రీకి ఎవరైనా బెదురుతారా? మేలో రెంటచింతల వెళ్ళి ఈ మాట చెప్పు, నవ్వి మజ్జిగ ఇచ్చి పంపిస్తారు.

మాధవి: రెంటచింతలతో పోలిక కుదరదన్నా. మారిషస్‌లో వేసవి సగటు 24.7, చలికాలం సగటు 20.4. రెండు కాలాలకూ మధ్య తేడాయే నాలుగు డిగ్రీల చిల్లర. చుట్టూ సముద్రం కదా, ఎండనీ చలినీ రెంటినీ మితిమీరనివ్వదు. అలాంటి చోట ఒక డిగ్రీ అంటే, వేసవికీ చలికాలానికీ ఉన్న తేడాలో దాదాపు నాలుగో వంతు.

శ్రీధర్: ఊఁ. ఈ లెక్క బావుంది.

మాధవి: రాసుకో.

శ్రీధర్: అసలు ఆ దీవిలో లెక్క రాసిపెట్టడం ఎప్పుడు మొదలైందో చెప్పనీ. చార్లెస్ మెల్డ్రమ్ అని ఒక స్కాట్లండ్ ఆయన, అక్కడి రాయల్ కాలేజీలో లెక్కల మేష్టారు. 1851లో వాతావరణ సంఘం పెట్టించాడు. రేవుకొచ్చిన ఓడల లాగ్ పుస్తకాలన్నీ తిరగేసి, ఏ రోజు ఎక్కడ ఏ గాలి వీచిందో ఎత్తి రాసుకునేవాడు. తుఫాను గాలి ఎటు తిరుగుతుందో తేల్చడానికి. ఆ ఓడల్లో ఎన్ని మన కోరంగి నుంచి...

(గంట)

శ్రీధర్: ఒరేయ్ కిట్టూ!

మాధవి: ఆరో నిమిషానికే. క్రితంసారి పదకొండు దాకా ఆగాడు, పాపం.

శ్రీధర్: ఇది ఊరికే అన్న మాట కాదమ్మా. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనే పిలిచేవారు. చెరకు తోటల్లో కూలికి మనవాళ్ళు ఓడెక్కిన రేవు అది. 1839 తుఫానుకి ఆ రేవు తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పటికీ మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

మాధవి: ఉగాది అన్నావు కాబట్టి ఒకటి. అక్కడ ఉగాదికి ఎండాకాలం మొదలవదు, ముగుస్తుంది. మామిడికాయల కాలం డిసెంబరు, జనవరి. మన పంచాంగం వాళ్ళకి తలకిందులు.

శ్రీధర్: అయినా పండగ మానలేదు, చూడు. సరే, ఎండకొద్దాం. రాజధాని పోర్ట్ లూయీ సముద్రమట్టంలో ఉంటుంది, ఉక్క. మధ్యలో పీఠభూమి మీద క్యూర్‌పీప్, 550 మీటర్ల ఎత్తు. ఎప్పుడూ మబ్బు, జల్లు. పాతకాలంలో డబ్బున్నవాళ్ళందరూ ఎండ భరించలేక అక్కడికి మకాం మార్చేశారు. మన దొరలు ఊటీకి పోయినట్టు.

మాధవి: ఎండకు కాదు.

శ్రీధర్: మరి?

మాధవి: జ్వరానికి. 1867లో పోర్ట్ లూయీలో మలేరియా పడింది. వేలకు వేలు పోయారు. అంతకు ముందు ఆ దీవిలో మలేరియా మోసే దోమే లేదు, ఓడల్లో వచ్చి చేరింది. దోమ వల్లనని అప్పుడెవరికీ తెలీదు కదా, చెడుగాలి అన్నారు, మురికి అన్నారు, అడవులు కొట్టేసి చెరకు వేసినందుకన్నారు. కొండ మీద జ్వరం తక్కువని మాత్రం కళ్ళకు కనిపించింది. మూటాముల్లే సర్దుకుని ఎక్కేశారు.

శ్రీధర్: ఎండ కూడా ఒక కారణమే కదా?

మాధవి: ఎండ అంతకు ముందూ ఉంది కదన్నా. అప్పుడెందుకు ఎక్కలేదు?

శ్రీధర్: రైలు లేదు! రైలు పడ్డాక రోజూ కిందికొచ్చి ఆఫీసు చూసుకుని వెళ్ళడం కుదిరింది. రైలు 1860ల్లో వచ్చింది, జ్వరమూ అప్పుడే వచ్చింది. ఏది దేనివల్లో నువ్వెలా తేలుస్తావు?

మాధవి: రైలు వీలు కల్పించింది, భయం తరిమింది. ఊళ్ళో శవాలు లేస్తుంటే ఎవరూ థర్మామీటర్ చూసి ఇల్లు మారరు.

శ్రీధర్: ఓహో. అంటే నా మాట కొట్టేసినట్టే.

మాధవి: సగం కొట్టేశా. ఇప్పుడు అసలు సంగతి విను. ఆ దోమ గుట్టు రట్టు చేసింది ఎవరు, ఎక్కడ?

శ్రీధర్: వచ్చేసిందండీ. కిట్టూ, దీనికి గంట లేదా?

మాధవి: సికింద్రాబాద్! 1897 ఆగస్టు 20. రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆ బంగళా ఇంకా ఉంది. పదేళ్ళకు, 1907లో, అదే రాస్‌ని మారిషస్‌కి పిలిపించారు, జ్వరం ఎలా తగ్గించాలో చెప్పమని. అంటే మారిషస్‌కి మీ గోదావరి మనుషులనిస్తే, మా సికింద్రాబాద్ మందు...

శ్రీధర్: మందు కాదు, సలహా. అది కూడా దొర ఇచ్చింది. మావాళ్ళు వెళ్ళి చెరకు కొట్టారు. తేడా ఉంది.

మాధవి: (నవ్వు) ఉంది. ఒప్పుకున్నా.

శ్రీధర్: ఇదంతా ఉష్ణోగ్రతకి ఎలా ముడిపెడతావో చూస్తా.

మాధవి: పెడతాగా. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఒక డిగ్రీ ఎంత ఎత్తు? నూట యాభై మీటర్లు. ఆ దీవి ఒక డిగ్రీ వేడెక్కిందంటే, క్యూర్‌పీప్‌లో ఉన్నవాళ్ళు కదలకుండానే నూట యాభై మీటర్లు కిందికి దిగినట్టు లెక్క. తాతలు ఏ చల్లదనం కోసం ఎక్కారో...

శ్రీధర్: జ్వరం కోసమన్నావుగా!

మాధవి: అబ్బా. ఏ కారణానికైనా ఎక్కారు, ఆ ఎత్తులో కొంత పోయింది. ఇంకా పైకి పోదామంటే ఎక్కడికి? మొత్తం దీవిలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం 828 మీటర్లు. ఆ పైన ఆకాశమే.

శ్రీధర్: ...సరే. ఇది మాత్రం నేను ఆలోచించలేదు.

మాధవి: మరి మలేరియా తిరిగొస్తుందా అని అడుగుతారు. 1973లో పోయిందని ప్రకటించారు. రెండేళ్ళకే, 1975లో జెర్వేజ్ తుఫాను తర్వాత మళ్ళీ మొదలైంది. ఇళ్ళు కూలి, నీళ్ళు నిలిచి, బాగుచేసే పనులకి బయటి నుంచి జనం వచ్చి. ఆ రెండేళ్ళలో అక్కడ సగటు ఉష్ణోగ్రత పెద్దగా మారిందేం లేదు. అందుకే ఎండ ఒక్కదాని మీదే అన్నీ తోసెయ్యకూడదు.

శ్రీధర్: ఆ మాట నేనంటే ఒప్పుకోవు. తుఫానంటే గుర్తొచ్చింది, ఇళ్ళు. 1960లో అలిక్స్, కారోల్ అని ఆరు వారాల తేడాలో రెండు తుఫాన్లు. రేకుల ఇళ్ళు, చెక్క ఇళ్ళు ఎగిరిపోయాయి. ఆ తర్వాత దేశమంతా కాంక్రీటు, చదును స్లాబు. గాలికి కదలదు, కానీ ఎండంతా తాగుతుంది. మా కాకినాడ ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక డాబా మీద పక్క వేద్దామని ఎక్కితే అరికాళ్ళు చురుక్కుమనేవి. మా అమ్మ రెండు బిందెల నీళ్ళు చల్లేది, బుస్సుమని ఆవిరి, సున్నం వాసన. అర్ధరాత్రి దాకా ఆ వేడి కింద గదిలోకి దిగుతూనే ఉంటుంది. బయట గాలి ఒక డిగ్రీ పెరిగితే, ఆ స్లాబు కింద పడుకున్నవాడికి ఎంతో ఏ స్టేషనూ చెప్పదు.

మాధవి: నిజం. స్టేషన్లో థర్మామీటర్ పెట్టె గడ్డి మీద, నీడలో, గాలి ఆడేచోట ఉంటుంది. మనం అక్కడ పడుకోం.

శ్రీధర్: వానల సంగతి కూడా అంతే. సగటు చూస్తే ఏమీ తెలీదు. 2013 మార్చి 30, పోర్ట్ లూయీ. రెండు గంటలు కూడా పట్టలేదు, 150 మిల్లీమీటర్ల పైన కురిసింది. రోడ్డు కింద నడిచే దారుల్లోకి నీళ్ళు తోసుకొచ్చాయి. పదకొండు మంది పోయారు.

మాధవి: ఉగాది ముందు కదా అది.

శ్రీధర్: ఊఁ.

మాధవి: ...2024 జనవరిలో బెలాల్ తుఫాను వచ్చినప్పుడు మళ్ళీ అదే ఊళ్ళో కార్లు ఒకదాని మీదొకటి ఎక్కేశాయి. ఆ వీడియో నువ్వే పంపించావు నాకు.

శ్రీధర్: అన్నం తింటున్నావని తెలీక పంపించా.

కిట్టు: కరెంటు పోయిందన్నా. రికార్డర్ బ్యాటరీ మీద ఉంది.

శ్రీధర్: ఎంతుంది?

కిట్టు: ఆరు శాతం.

మాధవి: మేస్టారు పగడాల గురించి కూడా అడిగారు. సముద్రం వేడెక్కి అవి తెల్లబడిపోవడం 1998లో చూశారు, 2016లో మళ్ళీ...

శ్రీధర్: ఆరు శాతంలో పగడాలు అవవు. రైలు సంగతి మాత్రం నేను వదలను. వచ్చేవారం కాగితాలు తెస్తా.

మాధవి: తే. ఏ ఊరికి ఏ ఏడు రైలు పట్టా పడిందో తేదీలతో సహా.

శ్రీధర్: తెస్తానన్నాగా! నువ్వు మాత్రం ఆ దొరగారి బంగళా...

కిట్టు: అన్నా, మూడు.