పూల్ నీళ్లకు ఏ కిట్ కొనాలి?

అందరికీ నమస్కారం. ఇండ్లల్లో, తోటల్లో స్విమ్మింగ్ పూల్ కట్టుకున్నవాళ్లు, వాటిని చూసుకునే పనివాళ్లు ఇక్కడ కూర్చున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

పూల్ కట్టినాయన పోయేటప్పుడు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టి పోతాడు. అందులో రెండు చుక్కల సీసాలు ఉంటాయి. ఒకటి వేస్తే నీళ్లు పసుపు రంగుకు మారతాయి, అది క్లోరిన్. ఇంకొకటి వేస్తే ఎర్రబడతాయి, అది పీహెచ్. ఆ పసుపు మందు పేరు ఆర్థోటాలిడిన్. పంచాయతీ నీళ్ల ట్యాంకు దగ్గర క్లోరోస్కోప్‌లో వేసేదీ అదే. నల్లా నీళ్లకు దానితో పని నడుస్తుంది. అక్కడ చూడాల్సింది 0.2 పీపీఎం (అంటే లీటరుకు 0.2 మిల్లీగ్రాములు) క్లోరిన్ మిగిలిందా లేదా అన్న ఒక్క సంగతే. పూల్‌లో మాత్రం చెమట, మూత్రం, ఒంటికి రాసుకున్న నూనె కలుస్తాయి. క్లోరిన్‌లో కొంత వాటితో కలిసిపోయి పనికిరాకుండా మిగులుతుంది. కండ్లు మండేది, ముక్కుకు ఘాటుగా తగిలేది ఈ కలిసిపోయిన క్లోరినే. పసుపు మందు దీన్నీ అసలు క్లోరిన్‌నూ వేరు చేయకుండా మొత్తం కలిపి చూపిస్తుంది. చీటీ మీద 3 అని రాసుకుంటాం, అందులో క్రిములను చంపేది ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. ఆ డబ్బా పారేయమని చెప్పను. దాన్ని మాత్రమే నమ్ముకోవద్దంటాను.

వరంగల్ వైపు పూల్‌కు ఎలాంటి కిట్ కావాలో మూడు సంగతులు తేలుస్తాయి: మన ఎండ, మన బోరు నీళ్లు, మనం వాడే క్లోరిన్ బిళ్లలు.

బిళ్లల సంగతే ముందు చూద్దాం, ఎక్కువ నష్టం అక్కడే. ట్రైక్లోర్, టీసీసీఏ 90 అని అమ్మే బిళ్లల్లో, గుళికల్లో క్లోరిన్‌తో పాటు సైన్యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా అది గొడుగులా కాపాడుతుంది. మే నెలలో ఆ గొడుగు లేకపోతే పొద్దున వేసిన క్లోరిన్ మధ్యాహ్నానికి మిగలదు. కాబట్టి 30 నుంచి 50 పీపీఎం దాకా అది ఉండాల్సిందే. చిక్కేమిటంటే, క్లోరిన్ రోజూ ఖర్చయిపోతుంది, సైన్యూరిక్ మాత్రం దాదాపుగా అట్లాగే నిలబడిపోతుంది.

లెక్క వేద్దాం. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు. అంటే 1,152 ఘనపుటడుగులు, లీటర్లలో 32,600. ఇందులో క్లోరిన్ 1 పీపీఎం పెరగాలంటే టీసీసీఏ 36 గ్రాములు వేయాలి. ఎండాకాలం రోజుకు 3 పీపీఎం ఖర్చయితే 108 గ్రాములు. టీసీసీఏతో 10 పీపీఎం క్లోరిన్ వేసినప్పుడల్లా 6 పీపీఎం సైన్యూరిక్ వెంట వస్తుంది. నెలకు 90 పీపీఎం క్లోరిన్ వేస్తే సైన్యూరిక్ 54 పెరుగుతుంది. ఉగాదికి కొత్త నీళ్లు నింపినవాళ్లకు జూన్ మొదటి వాన పడేసరికి 100 దాటిపోతుంది. అప్పటికి క్లోరిన్ 3 ఉన్నా గోడలకు పాకురు పడుతుంది. మందు దొంగదని షాపాయనతో గొడవ పెట్టుకుంటారు. మందు మంచిదే, గొడుగు మరీ పెద్దదైపోయి క్లోరిన్‌ను పని చేయనివ్వడం లేదు. దీనికి విరుగుడు మందు లేదు, నీళ్లు తీసి కొత్తవి పోయడమే. సగం తీస్తే సగానికి తగ్గుతుంది. ఈ పూల్‌కు సగమంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడుకు పైనే. నడి వేసవిలో అవి దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు.

కాబట్టి సైన్యూరిక్ పరీక్ష లేని కిట్ మనకు కిట్టే కాదు. ఆ పరీక్ష ఇలా ఉంటుంది. పూల్ నీళ్లు, మెలమైన్ ద్రావణం సమానంగా సీసాలో పోసి అర నిమిషం మెల్లగా ఊపితే పల్చని పాలలా మసకబారుతుంది. అడుగున నల్ల చుక్క ఉన్న సన్నని గొట్టంలోకి దాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ, పైనుంచి చూడాలి. చుక్క కనపడకుండా పోయిన గీత దగ్గర ఉన్న అంకే సైన్యూరిక్. ఆరుబయట, ఎండకు వీపు పెట్టి, గొట్టం నడుము ఎత్తులో పట్టుకొని చూడాలి. గదిలో ట్యూబ్‌లైట్ కింద చూస్తే తప్పొస్తుంది. గొట్టం 100 దగ్గర ఆగిపోతుంది. అక్కడే చుక్క మాయమైతే, పూల్ నీళ్లలో అంతే నల్లా నీళ్లు కలిపి మళ్లీ చేసి, వచ్చిన అంకెను రెండింతలు చేయాలి. నెలకోసారి చాలు, బిళ్లలు వాడే వేసవిలో పదిహేను రోజులకోసారి.

ఇక క్లోరిన్ పరీక్ష. ఫ్రీ క్లోరిన్, అంటే దేనితోనూ కలవకుండా క్రిములను చంపడానికి మిగిలిన అసలు క్లోరిన్, కనీసం 1 పీపీఎం, సైన్యూరిక్ వాడితే కనీసం 2 ఉండాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. అనుభవమున్న పూల్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, ఫ్రీ క్లోరిన్‌ను సైన్యూరిక్‌లో 7.5 శాతానికి తగ్గకుండా ఉంచుతారు. సైన్యూరిక్ 80 ఉంటే క్లోరిన్ 6 కావాలన్నమాట. డీపీడీ అంటే క్లోరిన్ తగిలితే గులాబీ రంగుకు మారే మందు. రంగు పోల్చుకునే డీపీడీ కిట్ చాలావాటిలో కొలత 5 దగ్గరే ఆగిపోతుంది. గులాబీ ఛాయల్లో 3కూ 5కూ తేడా చెప్పడం కూడా కష్టమే. అంతకంటే పెద్ద మోసం ఇంకొకటుంది. క్లోరిన్ 10 దాటితే ఆ గులాబీ రంగు వచ్చిన వెంటనే వెలిసిపోయి నీళ్లు తెల్లగా కనిపించవచ్చు. క్లోరిన్ లేదనుకొని ఇంకో డబ్బా కుమ్మరిస్తారు.

అందుకే ఎఫ్ఏఎస్-డీపీడీ, చుక్కలు లెక్కపెట్టే పద్ధతి ఉన్న కిట్ తీసుకోండి. 10 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక చిన్న చెంచా పొడి వేస్తే గులాబీ అవుతుంది. అందులో ఎఫ్ఏఎస్ సీసా మందు ఒక్కో చుక్క వేస్తూ ఊపుతూ పోవాలి. రంగు పూర్తిగా పోయిన చుక్క దగ్గర ఆగి, చుక్కల లెక్కను సగం చేస్తే ఫ్రీ క్లోరిన్. 9 చుక్కలు పడితే 4.5. ఆ నీళ్లలోనే మూడో సీసా చుక్కలు వేసినప్పుడు మళ్లీ గులాబీ తిరిగొస్తే, అది ఇందాక చెప్పుకున్న కలిసిపోయిన క్లోరిన్. అది 0.5 దాటకూడదు. 50 పీపీఎం దాకా కొలవొచ్చు, ఛాయలు పోల్చే పని లేదు. సీసా నిట్టనిలువుగా పట్టుకోవాలి, వాలిస్తే చుక్క సైజు మారుతుంది. చుక్కలు చిన్నవిగా, పక్కకు పడుతుంటే మూతి తడి గుడ్డతో తుడవండి. టేలర్ కంపెనీలో కె-2006 ఈ పద్ధతిది, కె-2005 రంగు పోల్చేది. డబ్బాలు చూడటానికి ఒకేలా ఉంటాయి, నంబరు చూసి కొనండి.

బోరు నీళ్ల సంగతి. మనది గ్రానైట్ నేల. నీళ్లల్లో కాఠిన్యం, ఆల్కలినిటీ (యాసిడ్ పోసినా పీహెచ్ దిగకుండా అడ్డుకునే గుణం) రెండూ ఎక్కువే. ఆల్కలినిటీ 300 దాటడం అరుదేమీ కాదు, పూల్‌కు కావాల్సింది 80 నుంచి 120. అందుకే ఎంత యాసిడ్ పోసినా పీహెచ్ మళ్లీ మళ్లీ 8 దాటుతుంది, టైల్స్ మీద తెల్ల పొర కడుతుంది. నింపకముందే బోరు నీళ్లకు పరీక్ష చేసుకోండి. ఆల్కలినిటీ పరీక్షలో మామూలుగా 25 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుంటే ఒక చుక్క 10 పీపీఎం. ఆల్కలినిటీ 400 ఉంటే 40 చుక్కలు పోతాయి. 10 మిల్లీలీటర్లే తీసుకొని చుక్కకు 25 చొప్పున లెక్కేస్తే మందు మిగులుతుంది. కాఠిన్యానికి కాల్షియం విడిగా చూపే కిట్ కావాలి, మొత్తం కాఠిన్యం చూపేది మెగ్నీషియంనూ కలిపేస్తుంది. ఆ కాల్షియం పరీక్షలో చుక్కలు వేస్తుంటే ఎరుపు నుంచి నీలం కావాల్సిన రంగు ఊదా దగ్గరే ఆగితే, రాగి ఉన్న పాకురు మందు వాడినట్టు లెక్క. ఇంకోసారి ఆ చుక్కలు ఐదారు ముందే వేసి పరీక్ష మొదలుపెట్టండి. బిళ్లలకు బదులు బ్లీచింగ్ వేద్దామనుకునేవాళ్లు కూడా దానితో సున్నం వస్తుందని గుర్తుపెట్టుకోండి. సైన్యూరిక్ పెరిగిందంటే ద్రవ హైపోక్లోరైట్ (సైన్యూరిక్ లేని ద్రవ క్లోరిన్) మేలు.

నీళ్లలో ముంచి రంగు చూసే స్ట్రిప్పుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. శ్రావణమాసం తేమకు మూత ఒక్కసారి సరిగా పెట్టకపోతే డబ్బా మొత్తం పాడు. నీళ్లలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ పెన్నుకు క్లోరిన్ కనపడదు. రంగును కంటికి బదులు యంత్రమే కొలిచే డిజిటల్ ఫోటోమీటర్ మంచిదే, కానీ గాజు సీసాకు గీత పడ్డా, వేలిముద్ర అంటినా అంకె మారుతుంది. దానికి ఫోటోమీటర్ అని రాసిన పరీక్ష బిళ్లలే వాడాలి, ర్యాపిడ్ అని రాసినవి రంగు పోల్చే డబ్బాకు.

కొనేటప్పుడు సీసా మీద తేదీ చూడండి. ఎండలో గోదాంలో పడున్న మందు తేదీ ఉన్నా నమ్మలేం. ఇంట్లో దాన్ని పంపు గదిలో పెట్టకండి, అక్కడ యాసిడ్ ఆవిరి, క్లోరిన్ ఆవిరి, వేడి మూడూ ఉంటాయి. ఇంట్లో చల్లని అలమారాలో పెట్టుకుంటే సంవత్సరం వస్తుంది. నమూనా నీళ్లు పంపు అరగంట నడిచాక, నీళ్లు లోపలికి వచ్చే రంధ్రానికి దూరంగా, మోచేయి మునిగేంత లోతులో తీయండి. సీసా మూతలు ఒకదానివి ఇంకొకదానికి పెట్టొద్దు. రీఫిల్ సీసాలు ఫిబ్రవరిలోనే తెప్పించి పెట్టుకోండి, కొరియర్ బండిలో మే నెల ఎండకు మరిగి రాకుండా.