జిమ్ నుంచి నేరుగా ల్యాబ్‌కి వెళ్తే ఏమవుతుంది?

నమస్తే. "వ్యాయామం చేస్తే కండరాలు దెబ్బతింటాయి, అందుకే రక్తంలో డీఎన్‌ఏ పెరుగుతుంది" అనే మాట విన్నప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. పెరగడం నిజమే. గట్టిగా పరుగెత్తితే, రక్తంలో కణాల బయట తిరిగే డీఎన్‌ఏ నిమిషాల్లో కొన్ని రెట్లు, ఒక్కోసారి పది రెట్లు దాటుతుంది. కానీ అందులో ఎక్కువ భాగం కండరాలది కాదు, తెల్ల రక్తకణాలది.

ఎలా తెలిసిందో చూడండి, నాకు భలే నచ్చిన ప్రయోగమిది. ఎముక మజ్జ మార్పిడి అయినవాళ్ళకి రక్తకణాలు దాతవి, కండరాలు సొంతవి. దాత ఆడ, రోగి మగ అయితే ఎవరి డీఎన్‌ఏ ఏదో వై క్రోమోజోమే చెప్పేస్తుంది. అలాంటివాళ్ళతో వ్యాయామం చేయించి చూస్తే, పెరిగినదంతా దాదాపు దాతదే!

మరి రక్తంలోని ఈ డీఎన్‌ఏలో క్యాన్సర్ జాడ వెతికే పరీక్షకేం ఇబ్బంది? చేటలో బియ్యం పోసి రాళ్ళు ఏరుతున్నారనుకోండి. బియ్యం మన మామూలు డీఎన్‌ఏ, రాళ్ళు క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చినవి. పరుగెత్తి వచ్చారంటే చేటలోకి ఇంకో పది గుప్పెళ్ళ బియ్యం పడినట్టు. రాళ్ళు తగ్గలేదు, కానీ ల్యాబ్ మెషీన్ చేటంతా ఏరదు, గుప్పెడే తీసి చూస్తుంది. తొలి దశలో వెయ్యి గింజలకి ఒక్క రాయి కూడా ఉండకపోవచ్చు. ఆ గుప్పెట్లో రాయి రాకపోతే "ఏమీ లేదు" అని రిపోర్టొస్తుంది. నన్ను భయపెట్టేది ఇదే.

గర్భిణులకు చేసే ఎన్‌ఐపీటీ, అంటే కడుపులో బిడ్డకి జన్యు లోపాలున్నాయేమో తల్లి రక్తంతో చూసే పరీక్ష కూడా ఇలాంటిదే. అక్కడ ఏరేది బిడ్డ డీఎన్‌ఏని. తల్లి రక్తంలో అది ఉంటుందని డెన్నిస్ లో అనే శాస్త్రవేత్త బృందం 1997లో చూపించింది. దాని వాటా సుమారు 4 శాతం కన్నా తగ్గితే చాలా ల్యాబ్‌లు ఫలితం ఇవ్వవు, మళ్ళీ రక్తమివ్వాలి. ఆ టెన్షన్ ఎందుకు చెప్పండి?

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. రక్తం గడ్డకట్టేటప్పుడు కూడా తెల్లకణాలు చితికి చేటలో బియ్యం పెరుగుతుంది, అందుకే ఈ పరీక్షలకు సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కాదు, ప్లాస్మా (గడ్డకట్టనివ్వకుండా కణాలు తీసేసిన ద్రవం) వాడతారు. పెరిగిన డీఎన్‌ఏని ఎంజైములు, కాలేయం గంటా రెండు గంటల్లో చాలావరకు తీసేస్తాయి. వ్యాయామం మానక్కర్లేదు. శాంపిల్ ఇచ్చే రోజు పొద్దున మాత్రం పరుగు, బరువులు వద్దు. ఒకవేళ చేసేసి ఉంటే, సూది గుచ్చకముందే ఆ సంగతి ల్యాబ్‌వాళ్ళకి చెప్పండి.