కాలువ గట్టు మీద కారు

అందరికీ నమస్కారమండి.

కారుతో పాటు డాష్‌బోర్డు అరలో ఒక పుస్తకం పెట్టి ఇస్తారు. తెరిచి చూసేవాళ్ళు తక్కువ. చూసినవాళ్ళు కూడా సర్వీసు పట్టికలో పైన ఉన్నదే చదువుతారు: పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. దాని కిందే చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది. దుమ్ము, బురద, ఉప్పు తగిలే చోట తిరిగే బండ్లకూ, దగ్గర దూరాలకే వాడే బండ్లకూ ఈ గడువులు తగ్గించుకోమని. ధవళేశ్వరం దిగువన తిరిగే మన బండ్లన్నీ ఆ చిన్న అక్షరాల కిందికే వస్తాయి. ఇక్కడ కారును తినేసేది నీరు, ఒండ్రు మట్టి, ఉప్పుగాలి, గడ్డి, ఎలుకలు. వీటికి మీటరు ఎంత తిరిగిందన్న లెక్క లేదు. ఏ నెలలో ఉన్నామన్నదే లెక్క. కాబట్టి కారు పనులను కాలువలకు నీళ్ళు వదలడంతో, కోతలతో కలిపి చెప్పుకుందాం.

కాలువలకు నీళ్ళొచ్చి, వానలు పడేలోపు చేయాల్సిన పనుల్లో అందరూ మరిచేది బ్రేక్ ఆయిలు. అది గాలిలోని తేమను పీలుస్తుంది, మన దగ్గర తేమకు కొదవ లేదు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డెల్టా అంతా చదును నేల, రోజూ తిరిగే రోడ్ల మీద అది మరిగే పరిస్థితి రాదు. కానీ పిల్లల్ని తీసుకుని మారేడుమిల్లి వెళ్ళి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే మరుగుతుంది. ఆవిరి బుడగ చేరిందంటే పెడలు నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. ఘాట్ ఎక్కని బండికి వేరే నష్టం ఉంది. ఆ నీటికి చక్రం దగ్గర బ్రేకును నొక్కే కాలిపర్ పిస్టన్లు, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ యూనిట్టు లోపలినుంచి తుప్పు పడతాయి. రెండేళ్ళకోసారి ఆయిలు మొత్తం మార్పించండి. డబ్బాలో తగ్గినంత పోసి సరిపెట్టడం మార్చినట్టు కాదు.

టైరు గాడి 1.6 మిల్లీమీటర్లకు అరిగితే చట్టప్రకారం టైరు తీసేయాలి. వానాకాలంలో అంతదాకా ఆగకండి, 3 దగ్గరే మార్చేయండి. జాతీయ రహదారి మీద నిలిచిన నీటిపై 80లో వెళ్ళే అరిగిన టైరు నీటిని పక్కకు నెట్టలేక తేలిపోతుంది. స్టీరింగు ఒక్కసారిగా తేలికైనట్టు అనిపిస్తే అదే గుర్తు. అప్పుడు బ్రేకు తొక్కొద్దు, స్టీరింగు తిప్పొద్దు, యాక్సిలరేటరు మీంచి మెల్లగా కాలు తీయండి. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద అంటించిన కాగితంలో ఉంటుంది, పొద్దున్నే బండి కదలకముందు చూసుకోవాలి. నైట్రోజన్ కోసం డబ్బులు పెట్టడం దండగని నా అభిప్రాయం. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

ఇక వరద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. టీవీలో వచ్చే ఈ అంకెలు లంకల్లో ఉండేవాళ్ళకు కారు ఎక్కడ పెట్టాలో చెప్పే అంకెలు కూడా. కాజ్‌వేలు కొన్ని మొదటి హెచ్చరిక రాకముందే మునుగుతాయి. నీరు పెరుగుతోందన్న కబురు రాగానే బండిని ఏటిగట్టు దాటించి ఇవతల బంధువుల ఇంటి దగ్గర పెట్టేయండి. కాజ్‌వే మీద నీళ్ళు పారడం మొదలయ్యాక ఇంకొక్క ట్రిప్పు అనుకోవద్దు. అడుగు లోతున జోరుగా పారే నీరు చిన్న కారును పక్కకు నెట్టేస్తుంది. పైగా కింద రోడ్డు కొట్టుకుపోయిందో లేదో బురదనీటిలో కనిపించదు.

పారే నీరు కాకుండా ఊళ్ళో రోడ్డు మీద నిలిచిన నీరైతే, అది చక్రం నడిబొడ్డు దాటనంతవరకు వెళ్ళొచ్చు. ముందు ఏసీ ఆపండి. లేకపోతే రేడియేటరు ఫ్యాను తిరుగుతూ నీటిని కొట్టి రెక్కలు విరగ్గొట్టుకుంటుంది. మొదటి గేరు వేసి, ఇంజన్ 1,500 నుంచి 2,000 చుట్ల మధ్య ఉంచి, ఆగకుండా, గేరు మార్చకుండా ఒకే తీరున పోనివ్వండి. ఎదురుగా లారీ వస్తుంటే అది దాటేదాకా బయటే ఆగండి, దాని అల మీ బానెట్ ఎక్కుతుంది. గాలి పీల్చే గొట్టం మూతి ఎక్కడుందో ఈ రాత్రే బానెట్ ఎత్తి చూసుకోండి. చాలా చిన్న కార్లలో గ్రిల్ పైఅంచు దగ్గరో, హెడ్‌లైటు వెనకో ఉంటుంది. అక్కడినుంచి సిలిండర్లోకి నీరు పోతే, నీరు గాలిలా నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. నీటిలో ఇంజన్ ఆగిపోయిందా, తాళం మళ్ళీ తిప్పకండి. బండి పాడయ్యేది చాలాసార్లు ఆ రెండో స్టార్టుతోనే. తోయించి బయటికి తెచ్చి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, మెకానిక్కును పిలవండి. పెట్రోలు బండైతే స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇంజన్ తిప్పి, లోపలి నీరు బయటికి కొట్టించాకే స్టార్టు.

నీరు దాటొచ్చిన బండిలో గేర్‌బాక్సు సంగతి ఎవరూ పట్టించుకోరు. వేడిగా ఉన్న గేర్‌బాక్సు చల్లనీటిలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, పైనున్న శ్వాసగొట్టం గుండా నీటిని లోపలికి లాక్కుంటుంది. వారం తర్వాత ఆయిలు తీయించి చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే వెంటనే మార్చాలి. చక్రం దగ్గర సన్నగా హోరు మొదలైతే బేరింగులో నీరు చేరిందని. ఇంకో ముక్క, మామూలు సమగ్ర బీమా ఉన్నా ఇంజన్లోకి నీరు పోయిన నష్టాన్ని పర్యవసాన నష్టమని పక్కన పెట్టేస్తారు. ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా కట్టే అదనపు కవరు ఉంది, డెల్టాలో అది తప్పక తీసుకోవాలి.

ఇప్పుడు గట్ల గురించి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1852లో ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలు సాగునీటికే కాదు, పడవల రాకపోకలకూ పనికొచ్చాయి. గట్ల మీద పడవలు లాగే మనుషులు నడిచేవారు. ఆ గట్టు మీదే ఇప్పుడు తారు పోసి బస్సులు, ధాన్యం ట్రాక్టర్లు, మన ఎస్‌యూవీలు నడుపుతున్నాం. వెడల్పు పెరగడానికి చోటు లేదు, ఒక పక్క కాలువ, ఇంకో పక్క బోదెనో చేనో. ఎదురు బండికి దారి ఇచ్చేటప్పుడు కాలువ వైపున్న బండి తారు అంచు దిగకూడదు. చేను వైపున్నవాళ్ళే దిగాలి, లేదా వెడల్పున్న చోట ముందే ఆగాలి. వానల్లో అంచు మెత్తబడుతుందని అందరికీ తెలుసు. కాలువ కట్టేసి నీరు తీసిన కొత్తలో కూడా అంచు జారుతుందని చాలామందికి తెలియదు. మట్టి లోపల ఇంకా నానే ఉంటుంది, బయటినుంచి ఆనించి నిలబెట్టిన నీరేమో పోయింది. రాత్రిపూట రివర్సు తీసేటప్పుడు సెన్సరును నమ్మకండి. గోడ ఉంటే అరుస్తుంది గానీ, వెనక ఖాళీ ఉంటే దానికి ఏమీ కనపడదు. ఒకరు దిగి టార్చి పట్టుకుని నిలబడాల్సిందే. డిసెంబరు, జనవరి పొగమంచులో హై బీమ్ వేస్తే తెల్లటి గోడే కనిపిస్తుంది, లో బీమ్‌లో రోడ్డు అంచు దొరుకుతుంది.

కారు కాలువలో పడితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ నేర్పండి. కారు వెంటనే మునగదు, కొద్దిసేపు తేలుతుంది. ఇంజన్ ముందుంటుంది కాబట్టి ముక్కు ముందు దిగుతుంది. ఆ కొద్దిసేపట్లో ఫోను చేయడం, తలుపు తోయడం రెండూ పనికిరావు. బయటి నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు, తెరుచుకుంటే నీరు ఒక్కపెట్టున లోపలికొస్తుంది. వరస ఇది: సీటు బెల్టు తీయాలి, పక్క అద్దం దించాలి, పిల్లల్ని ముందు కిటికీలోంచి బయటికి తోసి తర్వాత మనం రావాలి. పవర్ విండోలు నీట్లో పడ్డ మొదట్లో సాధారణంగా పనిచేస్తాయి. అందుకే మొదటి క్షణం అద్దానిదే. అద్దం దిగకపోతే కొనదేలిన సుత్తితో పక్క అద్దం మూలను కొట్టాలి, మధ్యలో కాదు. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టినది, పగిలినా ఊడిరాదు. ఈ మధ్య కొన్ని బండ్లకు పక్క అద్దాలూ అలాగే వస్తున్నాయి. అద్దం మూలన ముద్రలో లామినేటెడ్ అని ఉందో, టెంపర్డ్ అని ఉందో చూసుకోండి, టెంపర్డ్ అద్దాన్నే పగలగొట్టగలం. ఆ సుత్తి డిక్కీలో ఉంటే లేనట్టే. డ్రైవరు చేతికి అందేచోట కట్టిపెట్టండి.

ఏరు దాటించే పంటు మీద కారు ఎక్కించేవాళ్ళకు కూడా దాదాపు ఇవే మాటలు. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య దాటేవాళ్ళు మీలో ఉన్నారు కదా. డ్రైవరు తప్ప అందరూ దిగాలి, అద్దాలన్నీ దించాలి, బెల్టు తీసేయాలి. ఎక్కాక హ్యాండ్ బ్రేకు, మొదటి గేరు, చక్రాలకు అడ్డుచెక్కలు. పాటు సమయంలో, అంటే నీరు తగ్గినప్పుడు, రేవు వాలు పెరిగి ముందు బంపరు గీరుకుంటుంది, కాస్త ఏటవాలుగా ఎక్కించండి.

నవంబరు వచ్చేసరికి రోడ్లన్నీ కళ్ళాలే. ధాన్యం ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు. రైతుకు వేరే చోటు లేదన్నది నిజం, ఆ వాదనలోకి వెళ్ళను. డ్రైవరుకు తెలియాల్సింది ఇది. ధాన్యం గింజల మీద బ్రేకు వేయడమంటే గోలీల మీద నిలబడ్డట్టే, ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం పెరుగుతుంది. రాత్రి నల్ల బరకాలు కప్పి అంచున రాళ్ళు పెడతారు, లైటు పడేదాకా అవి కనిపించవు. గడ్డి ఇంకా ప్రమాదం. ఎండుగడ్డి కిందనుంచి లేచి సైలెన్సరు గొట్టానికి, క్యాటలిటిక్ కన్వర్టరుకు చుట్టుకుంటుంది. ఆ గొట్టం కొన్ని వందల డిగ్రీల వేడి మీదుంటుంది. కదులుతున్నంతసేపు గాలికి చల్లబడుతుంది, గడ్డి కుప్ప మీదే బండి ఆపితే అంటుకుంటుంది. కాబట్టి గడ్డి దాటాక శుభ్రమైన చోట ఆగి, ఇంజన్ కట్టేసి, కిందికి వంగి చూడండి. కర్రతోనో, కొక్కెంతోనో లాగండి, చెయ్యి పెట్టకండి. మంటలార్పే కిలో ఏబీసీ పొడి సిలిండరు ముందు సీటు కింద పెట్టుకోండి.

కోతలైన చేలలోంచి ఎలుకలు వెచ్చని చోటు వెతుక్కుంటూ బానెట్ కిందికి చేరేదీ ఈ రోజుల్లోనే. వాటి ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరకాలి. ఇంజక్టరు వైర్లు, వాషరు గొట్టం, ఆక్సిజన్ సెన్సరు వైరు ముందు పోతాయి. స్టార్టయ్యాక ఇంజన్ అదురుతూ చెక్ లైటు వెలిగితే మొదట వైర్లు చూడమనండి, ప్లగ్గులూ కాయిళ్ళూ మార్చేసే తొందర వద్దు. పొగాకు కాడలు పెడితే కొన్నాళ్ళు పనిచేస్తాయి, వాసన పోగానే ఎలుకలు మళ్ళీ వస్తాయి. రాత్రి బానెట్ ఎత్తి ఉంచడం మేలు, చీకటి, వెచ్చదనం రెండూ పోతాయి. ఏసీ గాలి వచ్చే దారికి సన్న ఇనుప వల కొట్టిస్తే ఇంకా మంచిది. వైపర్ల కింది గాడిలో చేరిన కొబ్బరి పూత, ఆకులు కూడా అప్పుడే తీసేయండి. ఆ గాడి పూడితే వాననీరు కాలి చాపల కిందికి దిగుతుంది.

అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరిచెట్టు కింద కారు ఎందుకు పెట్టకూడదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఉప్పు సంగతి కొద్దిగా. 216వ నంబరు జాతీయ రహదారి మీద రొయ్యలు, చేపలు తీసుకెళ్ళే లారీల నుంచి కారే నీరు మీ బండి అడుగున పడుతుంది. ఒండ్రు మట్టి దానిమీద పట్టీలా అంటుకుని తడిని రోజుల తరబడి ఆరనివ్వదు. పై పెయింటుకు పాలిష్ పెట్టే డబ్బుతో నెలకోసారి లిఫ్టు ఎక్కించి అడుగు కడిగించండి. తలుపుల కింది అంచున ఉండే నీటి రంధ్రాలను అగ్గిపుల్లతో పొడిచి చూడండి. అవి మూసుకుంటే తలుపు లోపలినుంచే కుళ్ళుతుంది.

అమలాపురం నుంచి ముక్కామల, అక్కడినుంచి వెనక్కి, ఇలా తిరిగే డీజిలు బండి కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిలు కార్లలో పొగమసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. మసిని కాల్చేయాలంటే పావుగంట, ఇరవై నిమిషాల పాటు ఆగకుండా 60 దాటి వెళ్ళాలి. ట్రాక్టరు వెనక ముప్పైలో సాగే గట్టు రోడ్డు మీద అది కుదరదు, దీపం వెలుగుతుంది. వెలిగిన వెంటనే రావులపాలెం దాటి రాజమహేంద్రవరం వైపు పెద్దరోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకు రండి. పట్టించుకోకపోతే ఖర్చు వేలల్లో ఉంటుంది. అలా మసి కాలుతున్నప్పుడు గొట్టం మామూలుకంటే చాలా వేడెక్కుతుంది, అప్పుడు గడ్డి మీద ఆపితే ఇంకా ముప్పు. రోజుకు ఇరవై, పాతిక కిలోమీటర్లే తిరిగేవాళ్ళకు పెట్రోలో, సీఎన్‌జీనో నయం. సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్ళకోసారి ఒత్తిడి పరీక్ష తప్పనిసరని మరవకండి.

కోనసీమలో గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో నెలల తరబడి షెడ్డులో ఉండిపోయే కార్లు చాలా. ఆపి ఉంచినా బండి 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు తాగుతుందనుకోండి, రోజుకు 0.72 ఆంపియర్ అవర్లు పోతాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడున్నర వారాల్లో సగమవుతుంది. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.2 అంటే సగం. వెళ్ళేముందు నెగటివ్ తీసేయండి. హ్యాండ్ బ్రేకు వేసి వదలకండి, తేమకు బ్రేకు షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోతాయి. గేరులో పెట్టి చక్రాలకు ఇటుకలు ఆనించండి. తిరిగొచ్చాక వెంటనే తాళం తిప్పకుండా బానెట్ ఎత్తి గూళ్ళేమైనా ఉన్నాయేమో చూడండి, తర్వాత బ్యాటరీ, టైర్ల గాలి, ఆయిలు. స్టార్టయ్యాక బ్యాటరీ దగ్గర వోల్టుమీటరు 13.8కి, 14.4కి మధ్య చూపిస్తే, దాన్ని ఛార్జి చేసే ఆల్టర్నేటరు బాగున్నట్టు. మొదటి వంద గజాలు అద్దాలు దించి నడపండి, ఈడుస్తున్న బ్రేకు చప్పుడు అప్పుడే వినిపిస్తుంది.

ఇక మీరు అడగండి, చెబుతాను.