ఒక్కసారి నాటితే ఏళ్ల తరబడి ఉల్లి, వెల్లుల్లి, లీక్? మూడేళ్లు పెంచాక నా రివ్యూ

నమస్తే అండీ. ఇవాళ్టి వీడియోలో మెషీన్లూ లేవు, ఎరువు ప్యాకెట్లూ లేవు. ఇదిగో, వేళ్లకు మట్టి కారుతున్న ఈ దుబ్బే రివ్యూ. "ఒక్కసారి నాటండి, మళ్లీ జన్మలో నాటక్కర్లేదు" అని చెప్పి అమ్మే ఉల్లి, వెల్లుల్లి, లీక్ (లావు తెల్ల కాడ కోసం పెంచే ఉల్లి జాతి మొక్క) రకాలుంటాయి కదా, వాటిని మూడేళ్లుగా పెంచుతున్నాను. ఆ మాటలో నిజమెంతో చెప్తాను.

ముందే ఒకటి చెప్పేస్తా. పెద్ద పెద్ద ఉల్లిగడ్డలు బుట్టలకొద్దీ వస్తాయని ఆశపడి వస్తే మాత్రం వీడియో ఇక్కడే ఆపేయండి, ఏమీ అనుకోను. మామూలు ఉల్లి రెండేళ్ల మొక్క. మొదటి ఏడు తిండంతా గడ్డలో దాచుకుంటుంది, రెండో ఏడు ఆ దాచిందంతా ఖర్చుపెట్టి పూత పూసి, విత్తనమిచ్చి పోతుంది. మనం మధ్యలో దూరి ఆ దాచుకున్నది పీక్కుంటున్నాం, అంతే. ఏళ్ల తరబడి బతికే రకాలు ఇలా ఒకే గడ్డలో కూడబెట్టవు, పక్కన పిలకలు వేసుకుంటూ పోతాయి. అందుకే వీటి నుంచి మనకు ముఖ్యంగా దొరికేది కాడ, ఆకు. నేను మార్కులు వేసేది కూడా ఆ లెక్కనే.

మొదట నా ఫేవరెట్, కాడ ఉల్లి. విత్తనాల ప్యాకెట్ మీద బంచింగ్ ఆనియన్ అనో, వెల్ష్ ఆనియన్ అనో ఉంటుంది. వేల్స్ దేశానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ పేరులోని వెల్ష్ అంటే పాత అర్థంలో "పరాయి" అని. మొక్క పుట్టిల్లు తూర్పు ఆసియా. శాస్త్రీయ నామం ఆలియం ఫిస్టులోసమ్, అంటే గొట్టంలా బోలుగా ఉండేది. ఒక కాడ కోసి చూపిస్తా... కెమెరాకు దగ్గరగా పెడుతున్నా. చూశారా? లోపలంతా ఖాళీ, గోడకు మాత్రం జిగురుగా తడి. కిందికి వస్తే గడ్డ లేదు, కాస్త ఉబ్బిన తెల్లటి మొదలు, అంతే.

నేను విత్తనంతో మొదలుపెట్టాను. మొదటి రెండు నెలలు దారప్పోగుల్లా నిలబడ్డాయి. గడ్డి అనుకుని సగం మొక్కలు నేనే పీకేశాను, ఎవరికీ చెప్పకండి. ఉల్లి విత్తనం ఎక్కువ కాలం నిలవ ఉండదు, ఏడాది దాటితే మొలక శాతం బాగా పడిపోతుంది. మిగిలిన ప్యాకెట్ దాచుకోకుండా అదే ఏడాది చల్లేయండి. రెండో ఏడాది నుంచి మాత్రం దీనికి ఇక తిరుగు లేదు. ఇప్పుడు ఈ ఒక్క దుబ్బులో పద్నాలుగు పిలకలున్నాయి, పొద్దున్నే లెక్కపెట్టా. కోసేటప్పుడు అన్నీ కోయకండి. పైనుంచి ఆకు కోసుకోండి, లేదా పక్క పిలక ఒకటి లాక్కోండి. మూడో వంతు దాటి తీసుకోకుంటే నెలకల్లా మళ్లీ నిండుగా ఉంటుంది. 10కి 9.

ఇక అందరూ అడిగేది, నడిచే ఉల్లి. ఈజిప్షియన్ వాకింగ్ ఆనియన్ అంటారు. ఇది మామూలు ఉల్లికీ, ఇందాకటి కాడ ఉల్లికీ పుట్టిన సంకరం. పువ్వులు రావాల్సిన చోట, కాడ కొసన, బుల్లి బుల్లి గడ్డలు గుత్తిగా కాస్తాయి. అవి కొమ్మ మీద ఉండగానే మొలకెత్తేస్తాయి, ఆ బరువుకు కాడ వంగి నేలకు తాకుతుంది, అక్కడే వేళ్లూనుకుంటుంది. అంటే ఏడాదికి ఒక కాడ పొడవంత దూరం నడక. నా మడిలోంచి బయటికొచ్చి నడిచే దారి మధ్యలో నిలబడిందీ మహాతల్లి.

చూడ్డానికి ఇంతకంటే సరదా మొక్క లేదు. పిల్లలున్న ఇంట్లో అయితే తప్పకుండా పెట్టుకోండి. వంటకొచ్చేసరికి కథ వేరు. పైన కాసే ఆ గడ్డలు చాలావరకు గోళీకాయంతే, పొట్టు మాత్రం పెద్ద ఉల్లికి ఉన్నంత గట్టిగా ఉంటుంది. గుప్పెడు వలిచేసరికి గోళ్లు మండాయి. ఘాటు మాత్రం అదిరిపోతుంది. లేత ఆకుల కోసం అయితే సరే. 10కి 6, అందులో రెండు మార్కులు ఆ నడకకే.

వెల్లుల్లి దగ్గర నాకు తెలిసొచ్చిన సంగతి ఏంటంటే, దాన్ని తవ్వకుండా వదిలేస్తే అదే ఏళ్ల తరబడి బతుకుతుంది. ఒక పాయ భూమిలోనే ఉంచేశాను. తర్వాతి సీజన్‌లో ప్రతి రెబ్బా ఒక మొక్కై, గుబురుగా లేచింది. ఇరుకులో పాయలు చిన్నవైపోతాయి గానీ, లేత ఆకు మాత్రం కావలసినంత. పెద్ద పాయలే కావాలంటే ప్రతి ఏడూ తవ్వి, విడదీసి, దూరంగా నాటాల్సిందే, దానికి షార్ట్‌కట్ లేదు. ఇంకోటి, వెల్లుల్లి రెబ్బలుగా విడిపోవాలంటే దానికి కొన్ని వారాల చలి తగలాలి. చలి చాలకపోతే విడిపోకుండా ఒంటి రెబ్బ పాయ వస్తుంది. అలా వచ్చిందని మీ మట్టిని తిట్టుకోకండి.

ఎలిఫెంట్ గార్లిక్ అని పిడికిలంత పాయలు చూపించి అమ్ముతారు. అది అసలు వెల్లుల్లి కాదండీ, లీక్ జాతి మొక్క. ఘాటు తక్కువ. పాయ చుట్టూ గట్టి పెంకుతో చిన్న గడ్డలు వస్తాయి, అవి నాటితే మొదటి ఏడాది ఒక గుండ్రటి ముద్దే, సాధారణంగా ఆ మరుసటి ఏడాదే రెబ్బలు. ఓపికుంటే పెంచండి.

లీక్ దగ్గర మోసపోయాను. "పెరెన్నియల్ లీక్", అంటే ఏళ్ల తరబడి బతికే లీక్, అని రాసున్న ప్యాకెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, మొలిచాక చూస్తే మామూలు లీకే. తిట్టుకుంటూ పీకకుండా అలా వదిలేశాను, అదే మంచిదైంది. రెండో ఏడాది పూకాడ లేచింది. మొగ్గగా ఉన్నప్పుడే దాన్ని విరిచేశాను. కొన్నాళ్లకు మొక్క మొదలు దగ్గర తవ్వి చూస్తే ముత్యాల్లాంటి తెల్లటి గడ్డలు! పొట్టు పల్చగా ఉంటుంది, రుచి మెత్తగా. కొన్ని తిన్నాం, కొన్ని మళ్లీ నాటాను. అవే ఇప్పుడు లీకులై నిలబడ్డాయి. కాబట్టి ఖరీదైన రకం కోసం వెతక్కండి. కోసేటప్పుడు కూడా వేళ్లతో సహా పీకకుండా నేలకు సమంగా కోస్తే, చాలాసార్లు అదే మొదలు మళ్లీ చిగురిస్తుంది.

గార్లిక్ చైవ్స్, అంటే వెల్లుల్లి వాసనుండే ఆకు కోసం పెంచే ఉల్లి జాతి మొక్క, బద్ధకస్తులకి. మామూలు చైవ్స్ ఆకు సన్నటి గొట్టంలా ఉంటుంది, పువ్వు ఊదా రంగు, చల్లటి చోటు ఇష్టం. గార్లిక్ చైవ్స్ ఆకు మాత్రం బల్లపరుపుగా, పువ్వు తెల్లటి నక్షత్రంలా. ఎండను బాగా ఓర్చుకుంటాయి. విత్తనం రాలనిచ్చారో, తోటంతా ఇదే. పూలు ఎండక ముందే కోసేయండి.

ఒక్క జాగ్రత్త. రెయిన్ లిల్లీ అనే పూల మొక్క ఆకు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది, అది విషం. నలిపి వాసన చూడండి. ఉల్లి వాసనో వెల్లుల్లి వాసనో రాకపోతే నోట్లో పెట్టొద్దు. అలాగే ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే కంచె కట్టండి. ఈ ఉల్లి జాతి మొత్తం వాటి ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. వండినా అంతే.

ఇక వీటితో నిజమైన టెన్షన్ ఏంటంటే, ఒకే మట్టిలో ఏళ్లు ఉంటాయి కాబట్టి తెగులు వస్తే అదీ అక్కడే కాపురం పెడుతుంది. తెల్ల కుళ్లు అనే బూజు తెగులు బీజాలు మట్టిలో 20 ఏళ్ల దాకా బతకగలవు. మొక్క మొదలు దగ్గర తెల్ల బూజు, దాని మీద గసగసాల్లా నల్ల చుక్కలు కనిపిస్తే ఆ దుబ్బుని కంపోస్ట్‌లో వేయకుండా బయట పారేయండి. నేను ప్రతి రకాన్నీ రెండు చోట్ల పెట్టుకున్నది అందుకే. నీళ్లు నిలవకూడదు. కలుపు అస్సలు ఉండకూడదు, వీటి వేళ్లు పైపైనే ఉంటాయి, గడ్డితో పోటీ పడలేవు. ఆకుల మీద వెండి గీతలు కనిపిస్తే తామర పురుగులు, గట్టిగా నీళ్ల ధార కొడితే చాలావరకు రాలిపోతాయి.

సరే, ఇప్పుడు ఈ కాడ ఉల్లి దుబ్బుని విడదీద్దాం. కత్తి అక్కర్లేదు, రెండు బొటనవేళ్లు మధ్యలో పెట్టి ఇలా లాగితే... చప్పుడు వినిపించిందా? వచ్చేసింది. మొక్క వేళ్లు రెండు అంగుళాలు ఉంచి కత్తిరించా, ఆకు సగానికి కోసేశా, లేకపోతే వాడిపోతుంది. ఒక్కో గుంటలో మూడేసి పిలకలు, జానెడు దూరం. నీళ్లు పోశాను. ఫోన్‌కి కూడా ఉల్లి వాసన అంటుకుంది, ఇక్కడితో కెమెరా ఆపి చేతులు కడుక్కుంటానండీ.