అమెరికా, కువైట్ కూర్చుని మాట్లాడుకుంటే కడపలో మనకేంటి?

(కడప బస్టాండ్. వెనక రాయచోటి బస్సు ఎక్కుతున్న జనం. చేతిలో ఫోన్‌తో హోస్ట్.)

ముందు ఒక వాయిస్ మెసేజ్ సంగతి చెప్తా. రాయచోటి దగ్గర పల్లెలో ఉండే మా పిన్నమ్మ పంపింది. "ఒరేయ్, అమెరికా వాళ్ళూ కువైట్ వాళ్ళూ మీటింగ్ పెట్టుకున్నారంట. యుద్ధం వచ్చేదుందంట కదరా. మీ బావను వచ్చేయమని చెప్పేదా?"

బావ కువైట్‌లోని సాల్మియాలో ఒకరింట్లో డ్రైవరు. పిన్నమ్మకు ఆ మాట చెప్పింది ఒక రీల్. సూటు వేసుకున్న ఇద్దరు మంత్రులు చేతులు కలుపుతున్న ఫొటో, వెనక మిసైల్ ఎగిరే బొమ్మ, గుండెలదిరే మ్యూజిక్. ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లకు మా ఇంట్లో రెండు రోజులు టెన్షన్.

రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు కువైట్‌లో ఒక్కరైనా లేని వీధి వెతుక్కోవాలి. అందుకే ఈ వీడియో. అసలు ఆ మీటింగుల్లో ఏం మాట్లాడుకుంటారు, ఎందుకు మాట్లాడుకుంటారు, చూద్దాం.

(స్క్రీన్ మీద: పొడవాటి బల్ల, రెండు జెండాలు)

దీన్ని వ్యూహాత్మక చర్చలు అంటారు. అమెరికా, కువైట్ మధ్య ఈ పేరుతో మొదటిసారి కూర్చున్నది 2016 అక్టోబరులో, వాషింగ్టన్‌లో. 2019 మార్చిలో కువైట్‌లో జరిగాయి, 2022 జనవరిలో మళ్ళీ వాషింగ్టన్‌లో. రెండు వైపుల నుంచి విదేశాంగ మంత్రులు పెద్దలుగా కూర్చుంటారు. వాళ్ళకంటే ముందే అధికారులు గుంపులుగా విడిపోయి పని చేస్తారు. రక్షణ ఒక గుంపు, వ్యాపారం ఒకటి, కస్టమ్స్ ఒకటి, చదువులు ఒకటి. అవును, చదువులు. అమెరికాలో చదివే కువైట్ పిల్లల వీసాల గురించి కూడా అదే బల్ల దగ్గర మాట్లాడతారు. రీల్‌లో ఆ ముక్క ఉండదు.

చివర్లో ఒక సంయుక్త ప్రకటన వస్తుంది. నేను చదివాను. ఉప్పు వేయని సంగటిలా ఉంటుంది. అందులో ఒక మాట మాత్రం ఏదో ఒక రూపంలో ప్రతిసారీ కనిపిస్తుంది: కువైట్ భద్రతకు అమెరికా కట్టుబడి ఉంది. చదివినదే మళ్ళీ చదువుతున్నట్టు విసుగొస్తుంది. ఆ విసుగు పుట్టించే వాక్యం కోసమే ఇంత తతంగం అని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే 1990కి పోవాలి.

(పాత ఫొటోలు. బాగ్దాద్.)

ఇరాన్‌తో ఎనిమిదేళ్ళు కొట్లాడి ఇరాక్ అప్పుల్లో మునిగింది. అప్పిచ్చిన వాళ్ళలో కువైట్ కూడా ఉంది. అప్పు మాఫీ చేయలేదని ఇరాక్‌కు కోపం. చమురు ఎక్కువగా తోడి ధర పడగొడుతున్నారని మరో కోపం. రుమేలా చమురు క్షేత్రం సరిహద్దు కింద పరుచుకుని ఉంది, మా వాటా మీరు తోడేస్తున్నారని ఇంకో గొడవ. పక్కపక్క పొలాల్లో బోర్లు వేసుకుని, నీ బోరు వల్లే నా బోరు ఎండిందని కొట్లాడుకునే చోట పుట్టినవాళ్ళం, మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1990 జులై 25న ఇరాక్‌లోని అమెరికా రాయబారి ఏప్రిల్ గ్లాస్పీని ఆ దేశాధ్యక్షుడు సద్దాం హుస్సేన్ పిలిపించుకున్నాడు. అప్పటికే ఇరాక్ సైన్యం కువైట్ సరిహద్దుకు చేరుతోంది. గొడవను శాంతిగా తేల్చుకోమని ఆమె చెప్పింది. దాంతోపాటు, అరబ్బు దేశాల సరిహద్దు తగాదాల్లో మా దేశం ఎవరి పక్షమూ వహించదు అనే అర్థం వచ్చే మాట కూడా అన్నది. రాయబారుల భాషలో అది మామూలు మాటే. ఎవరడిగినా అదే చెప్తారు.

ఎనిమిది రోజులు గడిచాయి. ఆగస్టు 2 తెల్లవారకముందే ఇరాక్ ట్యాంకులు కువైట్‌లోకి వచ్చేశాయి.

ఆమె మాట వల్లే యుద్ధం వచ్చిందా? ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. లక్ష మంది సైన్యాన్ని కదిలించినవాడు ఒక్క వాక్యం కోసం ఆగి ఉన్నాడని నేను నమ్మను. కానీ ఒకటి మాత్రం నిజం. "దాటితే మేం ఊరుకోం" అని ఆ గదిలో ఎవరూ తేల్చి చెప్పలేదు. ఇప్పుడు ఆ ప్రకటనల్లో అరిగిపోయిన రికార్డులా తిరిగే వాక్యం ఉంది చూశారూ, అది ఆ రోజు చెప్పని మాట. ఈసారి ఎవరికీ అనుమానం రాకూడదని పదే పదే రాసుకుంటున్నారు.

(మ్యాప్: కువైట్ నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్, అక్కడి నుంచి బొంబాయికి ఎర్ర గీత)

ఆ ఆగస్టులో మా మేనమామ కువైట్‌లోనే ఉన్నాడు. ఒక షేక్ ఇంట్లో వంటమనిషి. యజమాని కుటుంబం రాత్రికి రాత్రే సౌదీకి వెళ్ళిపోయింది. మామ పాస్‌పోర్టు ఆ ఇంటి బీరువాలో ఉండిపోయింది. తాళం వాళ్ళతోపాటే పోయింది. చివరికి మన ఎంబసీ వాళ్ళు రాసిచ్చిన కాగితం పట్టుకుని బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరాడు. ఎడారిలో గుడారాల క్యాంపు. నీళ్ళ కోసం వరసలో నిలబడితే పొద్దు గూకేదంట. అమ్మాన్‌లో విమానం ఎక్కాక గానీ ప్రాణం కుదుటపడలేదని ఇప్పటికీ చెప్తాడు.

అప్పటి మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాంను కలిశారు. సద్దాం ఆయన్ను కౌగిలించుకున్న ఫొటో పేపర్లకెక్కితే చాలామంది తిట్టారు. మామను అడిగితే మాత్రం ఇంకోలా చెప్తాడు. 59 రోజులు, 488 విమానాలు, లక్షకు పైగా జనం. గిన్నిస్ బుక్కులో కూడా ఎక్కింది.

అమెరికా నాయకత్వంలో సంకీర్ణ సేనలు 1991 ఫిబ్రవరి చివరికి కువైట్‌ను విడిపించాయి. నేల మీద యుద్ధం నడిచింది 100 గంటలే. పోతూ పోతూ ఇరాక్ సైన్యం 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. ఆర్పడానికి నవంబరు దాకా పట్టింది. ఐక్యరాజ్యసమితి ఇరాక్ చమురు డబ్బులో వాటా పట్టుకుని మొత్తం 5,240 కోట్ల డాలర్ల నష్టపరిహారం కట్టించింది. ఆఖరి కంతు తీరింది 2022లో. వదిలేసి పారిపోయి వచ్చిన పనివాళ్ళకు కూడా అందులో తలా ఇంత అని రాసింది. మామకు వచ్చిన ఆ డబ్బుతోనే మా ఊళ్ళో వాళ్ళ మిద్దె లేచింది.

(స్క్రీన్: ఎడారిలో వరసగా నిలిపిన ట్యాంకులు)

1991 సెప్టెంబరులో అమెరికా, కువైట్ రక్షణ సహకార ఒప్పందం రాసుకున్నాయి. దాని పూర్తి పాఠం బయటపెట్టలేదు. కానీ ఫలితం కళ్ళ ముందే ఉంది. అరిఫ్‌జాన్ క్యాంపు, అలీ అల్ సలేం వైమానిక స్థావరం, ఇరాక్ వైపు ఎడారిలో బ్యూరింగ్ క్యాంపు. అక్కడ సుమారు 13,500 మంది సైనికులని అమెరికా ప్రభుత్వమే ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చింది.

మనుషులకంటే సామాను ముఖ్యం ఇక్కడ. పెళ్ళికి షామియానా, గుండిగలు, గరిటెలు ముందే తెచ్చి మండపంలో దించుకుంటే, వంటవాళ్ళు ముహూర్తం నాటికి చేతులూపుకుంటూ వస్తారు కదా? అట్లా ట్యాంకులు, బండ్లు కువైట్‌లో సిద్ధంగా పెట్టారు. 1994 అక్టోబరులో సద్దాం మళ్ళీ సరిహద్దు వైపు సైన్యాన్ని కదిపాడు. అమెరికా సైనికులు విమానాల్లో దిగి, అక్కడే ఉన్న బండ్లెక్కారు. సద్దాం వెనక్కి తగ్గాడు. నాలుగేళ్ళ కింద గదిలో చెప్పని మాటను ఈసారి ట్యాంకులే చెప్పాయి.

ఇప్పుడు ఒక పొరపాటు దిద్దుకుందాం. కువైట్‌ను అమెరికా 2004లో నాటోయేతర ప్రధాన మిత్రదేశంగా గుర్తించింది. "కువైట్ మీద చేయి వేస్తే అమెరికా యుద్ధానికి దిగాల్సిందే" అని వాట్సాప్‌లో తిరిగేది ఇక్కడి నుంచే పుట్టింది. అది తప్పు. ఆ హోదాతో ఆయుధాల కొనుగోలు, శిక్షణ, పరిశోధన లాంటి విషయాల్లో సౌలభ్యాలు వస్తాయి. నాటో అనే సైనిక కూటమిలో ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అని రాసుకున్నట్టు ఇందులో లేదు. మిత్రుడు అన్న మాట ఒకటే, బాధ్యతలు వేరు. అందుకే మళ్ళీ మళ్ళీ కూర్చుని లెక్క చూసుకోవాలి: ఎంతమంది ఉన్నారు, ఏ సామాను ఉంది, ఎవరు ఎంత ఖర్చు పెడతారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 2003లో అమెరికా ఇరాక్‌లోకి వెళ్ళింది కువైట్ నేల మీది నుంచే. కాపలాకు పెట్టుకున్న స్థావరం ఇంకొకరికి గురి కూడా అవుతుంది. 2025 జూన్ 23 రాత్రి ఇరాన్ మిసైళ్ళు ఖతార్‌లో అమెరికా సైన్యం ఉండే అల్ ఉదైద్ స్థావరం మీదికి వచ్చాయి. కువైట్ కూడా కాసేపు తన గగనతలం మూసేసింది. ఆ రాత్రి మా పిన్నమ్మ ఎన్నిసార్లు ఫోన్ చేసిందో లెక్క లేదు.

(మ్యాప్: హోర్ముజ్ జలసంధి)

ఇక హోర్ముజ్ అనే ఈ సన్నటి సందు చూడండి. గల్ఫ్ నుంచి ఓడలు బయటి సముద్రంలోకి పోయేది ఇక్కడి నుంచే. ఇరుకైన చోట వెడల్పు దాదాపు 33 కిలోమీటర్లు. 2024లో రోజుకు దాదాపు 2 కోట్ల బ్యారెళ్ళ చమురు దీని గుండా పోయింది. ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు. సౌదీకి ఎర్ర సముద్రం దాకా పైప్‌లైన్ ఉంది, ఎమిరేట్స్‌కు ఈ సందు బయట ఉన్న ఫుజైరా రేవు దాకా ఉంది. కువైట్‌కు వేరే దారి లేదు. అందుకే ఆ బల్ల దగ్గర సముద్రం మాట రాకుండా పోదు.

ఒక ముచ్చట చెప్తా, నాకు భలే ఇష్టం. 1987లో ఇరాన్, ఇరాక్ ఒకరి ఓడలు ఒకరు పేలుస్తుంటే, కువైట్ తన ఓడలను కాపాడమని అమెరికానూ అడిగింది, సోవియట్ యూనియన్‌నూ అడిగింది. రష్యావాళ్ళు వస్తారనగానే అమెరికా చకచకా ఒప్పుకుంది. చిన్న దేశమే గానీ బేరం తెలిసినవాళ్ళు. 11 కువైట్ ట్యాంకర్లకు అమెరికా జెండా కట్టారు. అల్ రెక్కా అనే భారీ ఓడ బ్రిడ్జిటన్ అయిపోయింది. మొదటి ప్రయాణంలోనే, జులై 24న, దానికి మందుపాతర తగిలింది. ఓడ పెద్దది కాబట్టి మునగలేదు. అప్పుడు కాపలాకు వచ్చిన యుద్ధనౌకలు ఏం చేశాయో తెలుసా? బ్రిడ్జిటన్ వెనక్కి చేరి వరసగా నడిచాయి. ఇంకో పాతర తగిలితే మేం తట్టుకోలేం, నువ్వయితే తట్టుకుంటావు అని. ఊరేగింపుకు ముందు నడుస్తానన్న పెద్దమనిషి ఏనుగు చాటుకు చేరినట్టు!

(మ్యాప్: ఇరాక్, కువైట్ మధ్య సన్నటి నీటి దారి)

సద్దాం పోయాక తగాదా తీరిపోయిందా అంటే, లేదు. ఖోర్ అబ్దుల్లా అని రెండు దేశాల మధ్య ఓడలు నడిచే నీటి దారి ఉంది. 1993లో ఐక్యరాజ్యసమితి సరిహద్దు గీసింది. ఓడల రాకపోకల మీద 2012లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. 2023 సెప్టెంబరులో ఇరాక్ సుప్రీంకోర్టు, ఆ ఒప్పందాన్ని ఆమోదించిన చట్టం చెల్లదంది. కొద్ది రోజులకే అమెరికా, గల్ఫ్ దేశాలు కలిసి ఇచ్చిన ప్రకటనలో ఆ పేరు కనిపించింది. ఇలాంటి పేర్ల కోసమే నేను ఆ చప్పటి ప్రకటనలు చదివేది. కొత్త పేరు చేరితే, ఎక్కడో నొప్పి మొదలైనట్టు. పాత పేరు మాయమైనా అంతే.

అంటే మీటింగ్ జరిగిందంటే యుద్ధం వస్తుందని కాదు. జరగాల్సిన మీటింగ్ చప్పుడు లేకుండా వాయిదా పడితే నేను భయపడతా.

(హోస్ట్ మళ్ళీ బస్టాండులో, బల్ల మీద కూర్చుని)

అక్కడ ఉండే భారతీయులు దాదాపు పది లక్షలు. కువైట్ జనాభాలో ఐదో వంతు. ఆ దేశం రక్షణ గురించి రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుంటుంటే, వంటింట్లో, స్టీరింగ్ ముందు ఉన్న మనవాళ్ళ తరఫున ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. మనవాళ్ళ సంగతి చూడాల్సింది మన దేశమే. 2024 డిసెంబరులో మన ప్రధాని కువైట్ వెళ్ళారు, భారత ప్రధాని అక్కడికి పోవడం 43 ఏళ్ళ తర్వాత. రక్షణ సహకారం మీద అప్పుడు సంతకాలయ్యాయి. మంచిదే.

పిన్నమ్మకు ఇదంతా చెప్పలేదు. వినేంత ఓపిక ఆమెకు లేదు. రెండే అడిగాను. బావ మన ఎంబసీలో పేరు నమోదు చేసుకున్నాడా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? పనిమనిషి ఒప్పుకోకుండా యజమాని, అంటే అక్కడి మాటలో కఫీల్, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని కువైట్ 2015లోనే ఇంటి పనివాళ్ళ చట్టంలో రాసుకుంది. ఇంటి డ్రైవర్లకూ అది వర్తిస్తుంది.

రాత్రి తిరిగి మెసేజ్ వచ్చింది. వినిపిస్తా.

(ఫోన్ మైక్ దగ్గర పెడతాడు. పిన్నమ్మ గొంతు.)

"అడిగినాను రా. కఫీల్ బీరువాలో ఉందంట."